నీళ్ళమాత్ర వాకౌట్

నగరసభ నూట పన్నెండో సాధారణ సమావేశంలో, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, గౌరవ సభ్యులొకరు కుర్చీలోంచి లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయారు. ఈ సంగతి మినిట్స్ పుస్తకంలో ఎర్ర సిరాతో నమోదైంది. సభ పుట్టిన ఇరవై ఎనిమిదేళ్ళలో, తీర్మానం నడుస్తుండగా ఒక సభ్యుడు లేచి నిలబడటం ఇదే మొదటిసారి. అందువల్ల ఎర్ర సిరా సీసా మూత తీయడానికి కార్యదర్శికి పటకారు అవసరమైంది.

అంతవరకూ ఆ సభలో లేవడమనే అలవాటు లేదు. పదిన్నరకు వచ్చేవారు, కూర్చునేవారు. పదీ ముప్పావుకు టీ, పదకొండుకు తీర్మానాలు, పదకొండున్నరకు మళ్ళీ టీ. తీర్మానం చదవడం అయిపోగానే అధ్యక్షుల వారు "సరేనా?" అని అడిగేవారు. సభ "సరే" అనేది. సభ అంటే నిజానికి ఒక్క మనిషే. మిగతా వారి నోళ్ళలో బిస్కెట్లు ఉండేవి కాబట్టి వారు తల ఊపి ఊరుకునేవారు. రికార్డు కోసం పైకి, స్పష్టంగా "సరే" అనే భారాన్ని పందొమ్మిదేళ్ళుగా ఒకే సభ్యుడు మోస్తున్నాడు. అందుకే ఊరు ఆయన పేరు మరిచిపోయి "సరేగారు" అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన దానికీ సరే అన్నాడు.

ఆ రోజు లేచింది ఆ సరేగారే.

సరేగారికి కూరగాయల మార్కెట్ ఎదురుగా గొడుగుల దుకాణం ఉంది. కొత్తవి అమ్ముతాడు, పాతవాటికి పుల్లలు మారుస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరినీ నొప్పించడు కాబట్టి ఆయన మీద ఎవరూ గట్టిగా పోటీ చేయరు. ఎవరూ గట్టిగా పోటీ చేయరు కాబట్టి ఎన్నికవుతాడు. మళ్ళీ ఎన్నికవ్వాలి కాబట్టి ఎవరినీ నొప్పించడు. ప్రజాస్వామ్యం ఇంత నున్నగా, కీచుమనకుండా తిరగడం చూసి ఊళ్ళో ముచ్చటపడని వారు లేరు.

సమావేశానికి నాలుగు రోజుల ముందు, దుకాణంలో ఎవరికో గొడుగు తెరిచి చూపిస్తూ ఆయన తూలిపోయాడు. తెరిచిన గొడుగుతో సహా నేలమీద కూర్చుండిపోయాడు. కొనడానికి వచ్చినవాడు అది గొడుగు బలాన్ని చూపించే పద్ధతి కాబోలనుకుని కాసేపు మెచ్చుకున్నాడు కూడా. తరవాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి కనుబొమ్మలెగరేశాడు. పైన నూట డెబ్బై ఎనిమిది, కింద నూట నాలుగు.

"పనిలో టెన్షన్ ఎక్కువా?"

"నగరసభ సభ్యుణ్ణండి."

"అయితే టెన్షన్ ఉండదే! మరెందుకు పెరిగినట్టు?"

"అన్నిటికీ సరే అని లోపల దాచుకుంటే పెరగదా?" అంది పక్కనే ఉన్న భార్య. ఆవిడ రిటైరైన బడి పంతులమ్మ. ప్రశ్న ఎవరిని అడిగినా జవాబు ఆవిడే చెప్పేస్తుంది.

డాక్టరు ‘నీళ్ళమాత్ర’ అనే చిన్న తెల్లమాత్ర రాశాడు. రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: "రోజుకొకటి, పొద్దున పూట. ఒంట్లో ఎక్కువైన నీళ్ళూ ఉప్పూ బయటికి పోతాయి, గుండె మీద బరువు తగ్గుతుంది. మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుంది. చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. నోరెండిపోవచ్చు. పిక్కలు పట్టేయొచ్చు. రోజూ ఒక అరటిపండు తినండి. భయపడాల్సిందేం లేదు."

"సరే" అన్నాడు సరేగారు.

ఇంటికొచ్చాక భార్య మాత్రల పెట్టెలోని కాగితాన్ని మడత విప్పింది. విప్పేకొద్దీ అది తువ్వాలంత అయింది. ఆవిడ భూతద్దమూ ఎర్ర పెన్సిలూ పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది, ఒక వాక్యం కింద గీత గీసింది.

"‘నిలబడునప్పుడు జాగ్రత్త వహింపవలెను’ అని ఉంది, చూశారా?"

"నేను లేచి నిలబడే పని ఎక్కడుందే?" అన్నాడాయన, ధీమాగా.

నూట పన్నెండో సమావేశంలో తొమ్మిదో అంశం నగర సౌందర్యం. మార్కెట్ మూలన ఆడవాళ్ళ మరుగుదొడ్లు నాలుగున్నాయి. రెండింటికి గడియ లేదు, ఒకదానికి తలుపే లేదు. అయినా మార్కెట్లో కూర్చుని అమ్ముకునే మూడు వందల మంది ఆడవాళ్ళకు అవే దిక్కు. సదరు శిథిల కట్టడాన్ని తొలగించి, ఆ స్థలంలో నలభై అడుగుల కృత్రిమ జలపాతం నిర్మించాలని తీర్మానం. అధ్యక్షుల వారు లేవకుండానే ప్రసంగించారు.

"సోదర సభ్యులారా! ఒక మహానగరాన్ని దాని మరుగుదొడ్లను బట్టి ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? లేదు! జలపాతాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు! చూడదగినదాన్ని చూపించడం, చూడకూడనిదాన్ని లేకుండా చేయడం, ఇదే నాగరికత! ఆ నీటి హోరులో మన ప్రజలు తమ కష్టాలు మరిచిపోతారు. మరిచిపోకపోయినా, చెప్పుకుంటే మనకు వినపడవు!"

బల్లలు చరిచారు. ఇంజనీరు ఒక నమూనా తెచ్చి బల్లమీద పెట్టాడు. పచ్చరంగు వేసిన సుద్ద కొండ, లోపల చిన్న మోటారు. స్విచ్చి నొక్కగానే కొండ మీంచి నీళ్ళు జలజలా, గలగలా, సన్నగా, ఆగకుండా, సరిగ్గా సరేగారి ఎదురుగా కారడం మొదలుపెట్టాయి.

సరేగారు ఆ పూటే నాలుగో మాత్ర వేసుకుని వచ్చాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. ఎడారి గురించి ఆలోచించాడు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే వచ్చాయి. నీళ్ళు గలగలమంటూనే ఉన్నాయి. ఇక లాభం లేదని చటుక్కున లేచాడు.

ఎర్ర పెన్సిలు గీత అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. పడిపోకుండా రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. ఆనించాననుకున్నాడు; ధబ్బుమంది. నమూనా అదిరి, మోటారు ఆగి, జలపాతం కట్టయింది.

"గౌరవ సభ్యులు ఏమైనా చెప్పదలిచారా?" అన్నారు అధ్యక్షుల వారు.

చెప్పదలిచాడు. కానీ నోరెండిపోయి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అధ్యక్షుల వారి కేసి ఒక్క చూపు చూశాడు. ఇద్దరు అధ్యక్షులు కనబడుతున్నప్పుడు మనిషి ఎవరిని చూడాలో తెలియక చూసే చూపు అది. సభకు మాత్రం నిప్పులు చెరిగినట్టుంది. తరవాత ఆయన గబగబా బయటికి నడిచాడు.

సభా భవనంలో సభ్యుల మరుగుదొడ్డి ఆధునికీకరణ కోసం ఆరేళ్ళుగా తాళం వేసి ఉంది. అందువల్ల ఆయన మెట్లు దిగి, రోడ్డు దాటి, పోస్టాఫీసు వెనక్కి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ రోజు హాజరైనవారు తొమ్మిది మంది. కోరం తొమ్మిది. ఎనిమిది మందితో తీర్మానం చెల్లదు కాబట్టి జలపాతం వాయిదా పడింది. తిరిగొచ్చేసరికి హాలు ఖాళీ. కార్యదర్శి ఒక్కడే ఎర్ర సిరా మీద ఊదుకుంటూ కూర్చున్నాడు.

"అయ్యా, మీరు చరిత్ర సృష్టించారు!"

"ఎక్కడ?" అని సరేగారు కంగారుగా కిందికి చూసుకున్నాడు.

మర్నాడు పత్రికలో ‘జలపాతానికి ఎదురీత’ అని మొదటి పేజీలో వచ్చింది. "బల్ల చరిచారు. ఉరిమి చూశారు. ఒక్క మాటైనా అనకుండా నిష్క్రమించారు. ఆ మౌనం వెయ్యి ప్రసంగాల పెట్టు" అని విలేకరి రాశాడు. అతను ఆ సమయంలో రెండో టీ కోసం వంటగదిలో ఉన్నాడు కాబట్టి అంత నిష్పాక్షికంగా రాయగలిగాడు.

పది గంటలకల్లా గొడుగుల దుకాణం ముందు మార్కెట్ ఆడవాళ్ళు నిండిపోయారు. ముందు నిలబడింది ఆకుకూరలమ్మే పెద్దావిడ. మార్కెట్ అంతా ఆవిణ్ణి పెద్దక్క అంటుంది.

"పందొమ్మిదేళ్ళ నుంచి కూర్చునే ఉన్నావు బాబూ. నీకు ఓటేసిన ప్రతిసారీ ఈ చెయ్యి విరిగిపోనూ అని తిట్టుకునేదాన్ని. ఇవాళ మాకోసం లేచావు."

"అది కాదమ్మా. అసలు సంగతేంటంటే, మాత్ర..."

"ఏమాత్రం తగ్గొద్దు! నీ వెనక మేమున్నాం."

"అది కాదమ్మా..."

"తెల్లారకముందే బండెక్కి వస్తాం. ఆ నాలుగూ పోతే మళ్ళీ పొద్దుగూకి ఇంటికెళ్ళేదాకా అంతే. ఇప్పుడే నీళ్ళు ముట్టుకోడానికి భయం. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోయినా ముట్టం. ఇదిగో ఈ పిల్లకి రెండుసార్లు కిడ్నీలో రాళ్ళు తీశారు. రాళ్ళమ్ముకుంటే కూరగాయలకంటే లాభమని ఏడిపిస్తున్నాం దీన్ని."

అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా. అంతలో మాత్ర సరేగారికి మళ్ళీ కబురు పంపింది. ఒక్క నిమిషమని చెప్పి దుకాణం వెనకనున్న చిన్న మరుగుదొడ్లోకి వెళ్ళాడు. గడియ వేసుకున్నాడు. పని చూసుకున్నాడు. హాయిగా ఊపిరి వదిలాడు. అప్పుడు, ఆ గడియ మీద చెయ్యి పెట్టి, ఆయన తన జీవితంలో మొట్టమొదటిసారి ఒక తీర్మానం గురించి ఆలోచించాడు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. ఆయనదాకా రోజుకు పదకొండుసార్లు వస్తోంది.

వాయిదా పడ్డ తీర్మానం కోసం వెంటనే పెట్టిన రెండో సమావేశానికి అధ్యక్షుల వారు జాగ్రత్తపడ్డారు. మంచం పట్టిన సభ్యుణ్ణి కూడా కుర్చీతో సహా మోయించుకొచ్చి, పన్నెండు మందిని లెక్క చూసుకున్నారు. పదకొండుంపావుకు సరేగారి కుడి పిక్క పట్టేసింది. ప్రాణం పోయినంత పనై, లేచి నిలబడి కాలు నేలకేసి ముమ్మారు కొట్టాడు. లేచాడు కాబట్టి రెండో అవసరం కూడా గుర్తొచ్చి కుంటుకుంటూ బయటికి నడిచాడు. చరిత్ర తమను వదిలేసి పోతోందని కంగారుపడి మరో నలుగురు సభ్యులు లేచి, తలా మూడుసార్లు కాలు తాటించి ఆయన వెనకే నడిచారు. మెట్ల మీద నిలబడి, ఇప్పుడేం చేయాలని ఒకరినొకరు అడిగారు. కోరం మళ్ళీ పోయింది.

ఇక ఊరు ఆగలేదు. ఒక ప్రొఫెసరు ‘నిశ్శబ్ద నిష్క్రమణ: ఒక సైద్ధాంతిక పరిశీలన’ అని పదహారు పేజీల వ్యాసం రాసి, మూడు తాటింపులూ మూడు డిమాండ్లని నిరూపించాడు, మూడోది ఏమిటన్నది రెండో భాగంలో వస్తుందన్నాడు. కాలేజీలో వక్తృత్వపు పోటీ పెడితే విద్యార్థులు వేదికెక్కి బల్ల చరిచి దిగిపోయారు. అందరికంటే ముందు దిగినవాడికి బహుమతి. సరేగారు మెట్ల మీద అరటిపండు తింటుండగా ఎవరో ఫోటో తీశారు. నిరాడంబరతకు గుర్తుగా అభిమానులు అరటిపళ్ళు తిన్నారు, ఉద్యమానికి గుర్తుగా తొక్కలు రోడ్డు మీద వదిలారు. ఉద్యమంలో గాయపడినవారి సంఖ్య ఏడుకు చేరింది.

సరేగారు నిజం చెప్పడానికి ప్రయత్నించలేదని ఎవరూ అనుకోవద్దు. మూడుసార్లు ప్రయత్నించాడు. మొదటిసారి "ఎంత వినయం!" అన్నారు. రెండోసారి "పెద్ద మనసు!" అన్నారు. మూడోసారి విలేకరిని కూర్చోబెట్టి, "బాబూ, నాదేం లేదు, అంతా మాత్ర వల్లే" అని విడమరిచి చెప్పాడు. ‘అంతా మాతృభూమి వల్లే’ అని పత్రికలో అచ్చయింది.

ఊరంతటిలో నిజం పోల్చుకున్నది ఒక్కరే. అధ్యక్షుల వారు. ఒక సాయంత్రం సరేగారిని సభా మందిరానికి ఒంటరిగా రమ్మని కబురంపారు. తలుపులు వేయించి, గొంతు తగ్గించి అడిగారు.

"తెల్లగా, చిన్నగా ఉంటుంది. మధ్యలో గీత. పొద్దున పూట. అదేనా?"

"అదేనండి" అన్నాడు సరేగారు తెల్లబోయి.

"ఎన్నాళ్ళయింది?"

"నెల కావస్తోందండి."

"నాకు పదకొండేళ్ళు. మీరు లేచిన తీరు చూడగానే అనుకున్నాను. పిక్కలు పడుతున్నాయా?"

"ప్రాణాలు తోడేస్తున్నాయండి."

"గోడకి చేతులానించి మడమ నేలకి నొక్కండి. ఇలా. నోరెండితే లవంగం పెట్టుకోండి."

ఇద్దరూ గోడకు చేతులానించి, కాళ్ళు వెనక్కి సాగదీసి, చాలా రోజులకు కలిసిన వియ్యంకుల్లా కష్టసుఖాలు చెప్పుకున్నారు. సరేగారికి కళ్ళు చెమర్చాయి. ఈ నెల రోజుల్లో తన మాట విని అర్థం చేసుకున్న మొదటి మనిషి ఈయనే.

అప్పుడు అధ్యక్షుల వారు తమ కుర్చీ వెనకనున్న ఆకుపచ్చ పరదా పక్కకు లాగారు. సమావేశాల్లో గంటకు మూడుసార్లు, "ఫైలు పరిశీలించి వస్తాను" అని ఆయన ఆ పరదా వెనక్కి వెళ్ళడం సభ్యులందరికీ తెలుసు. ఆయన శ్రద్ధకు సభ రెండుసార్లు అభినందన తీర్మానం కూడా చేసింది. పరదా వెనక తెల్ల పలకలు పరిచిన గది. అద్దం, మెత్తటి తువ్వాలు, గులాబీ వాసన. ఫైలు మాత్రం ఒక్కటీ లేదు.

"ఇదిగో రెండో తాళంచెవి. నేను కాక, ఈ నగరంలో ఇది మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. తొమ్మిదో అంశానికి ఎప్పటిలా ఒక్క మాట అనేయండి, చాలు."

సరేగారు ఆ తెల్ల పలకల కేసి చూశాడు. రోడ్డవతల పోస్టాఫీసు గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్ళ అలవాటు ఆయన కంటే ముందే నోరు తెరిచి "సరే" అనేసింది.

ఇంట్లో భార్య ఆయన మాత్రలను ఏడు గళ్ళ డబ్బాలో సర్దుతోంది. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ తల ఎత్తలేదు.

"ఎంతమందికి ఇస్తున్నారు ఈ తాళంచెవి?"

"నా ఒక్కడికే."

"ఊఁ." శుక్రవారం గడిలో మాత్ర వేసి మూత నొక్కింది. "మా బళ్ళో మగపిల్లలకొకటి, హెడ్మాస్టారికొకటి ఉండేవి. మేం ఆడ టీచర్లం అయిదుగురం. పొద్దున ఎనిమిదింటికి ఒక గ్లాసు తాగితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. ముప్పై ఒక్క ఏళ్ళు. వేసవిలో పాఠం చెప్తుంటే పెదాలు పగిలి నెత్తురొచ్చేది. పిల్లలు ఎర్ర సుద్దముక్క రంగనుకునేవారు."

సరేగారు తాళంచెవిని బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. తరవాత అన్నాడు: "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు నగరసభలో ఉన్నారు కదండీ. తెలుసుననుకున్నాను."

ఆవిడ దెప్పిపొడవలేదు. మామూలుగానే అంది. అదే ఆయనకు మింగుడుపడలేదు. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్ళాడు.

"సమావేశం రోజు ఒక్కపూట ఆలస్యంగా వేసుకోవచ్చా?"

"మధ్యాహ్నం వేసుకోండి, పర్లేదు. మానేయడం మాత్రం కూడదు. ఏం, ఎందుకు?"

"ఈసారి నేనే లేవాలండి" అన్నాడు సరేగారు.

మూడో సమావేశం. తొమ్మిది మంది హాజరు. ఇంజనీరు నమూనా స్విచ్చి నొక్కాడు. నీళ్ళు గలగలమన్నాయి. సరేగారికి ఒంట్లో ఎక్కడా చలనం లేదు. తీర్మానం చదవడం అయింది. "సరేనా?" అని అడిగి, అధ్యక్షుల వారు తాళంచెవి ఉన్న సరేగారి జేబు కేసి ఆప్యాయంగా చూశారు.

సరేగారు ముందు కుర్చీ అంచుకు జరిగాడు. రెండు క్షణాలు ఆగాడు. నెమ్మదిగా లేచాడు. కళ్ళు తిరగలేదు, బల్ల మోగలేదు. గుండె మాత్రం ఏ మాత్రకూ లొంగనంత గట్టిగా కొట్టుకుంటోంది. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి సభలో రెండు అక్షరాలకు మించి మాట్లాడాడు.

"నాకిప్పుడు ఏ అవసరమూ లేదు. తెలిసే లేచాను. ఆ నాలుగు తలుపులూ పడగొట్టడానికి నేనొప్పుకోను. వాటికి గడియలు పెట్టాలి. ఇంకో నాలుగు కట్టాలి. మూడు వందల మంది ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ నీళ్ళు తాగకుండా..."

"అయ్యయ్యో" అన్నారు అధ్యక్షుల వారు. గొంతులో జాలి పొంగిపొర్లింది. "సోదర సభ్యులారా, ఇంతకాలం ఒక నిజాన్ని గుండెల్లో దాచుకున్నాను. మన ప్రియతమ సభ్యులు అస్వస్థులు. నీళ్ళమాత్ర వాడుతున్నారు. మొన్న లేచిందీ అందుకే, అంతకుముందు లేచిందీ అందుకే, ఇప్పుడు లేచిందీ అందుకే!" జేబులోంచి తువ్వాలంత కాగితం తీసి, మడతలు విప్పి, కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇక్కడ రాసి ఉంది, వినండి. ‘అరుదుగా కొందరిలో ఒంట్లో ఉప్పు తగ్గి, అయోమయము, అసంబద్ధ ప్రసంగము కలుగవచ్చును.’ ఇది ప్రసంగం కాదు, దుష్ప్రభావం!"

సభ గాఢంగా నిట్టూర్చింది. ఉప్పూ కారం తినే మనిషినని చెప్పుకోవడానికి సరేగారికి పందొమ్మిదేళ్ళు పట్టింది. సరిగ్గా అదే రోజున ఆయన ఒంట్లో ఉప్పు తగ్గిందని సభ తేల్చింది.

మొన్న వెనకే లేచిన నలుగురి కేసి ఆయన చూశాడు. వారు కుర్చీలకు అతుక్కుపోయి ఉన్నారు. ఇప్పుడు లేస్తే తమకూ ఆ జబ్బే ఉందనుకుంటారని వారి భయం.

"పాపం, ఆపుకోలేకపోతున్నారు. పరదా తీయండి" అని ఆజ్ఞ అయింది. ఇద్దరు బంట్రోతులు ఎంతో మర్యాదగా ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తారు. "నాకు రావట్లేదయ్యా!" అని ఆయన అంటూనే ఉన్నాడు. "మొహమాటపడకండి సార్" అని వాళ్ళు అంటూనే ఉన్నారు. తెల్ల పలకల గదిలో దించి, బయట గడియ పెట్టారు.

ఒకరు బయటికి వెళ్ళారు కాబట్టి కోరం సంగతేమిటని కార్యదర్శి సందేహించాడు. పైకప్పు కలిసి ఉన్న గది మందిరంలో భాగమేనని నిబంధన దొరికింది. అంచేత సభ్యుడు హాజరైనట్టే. లోపల్నుంచి ఆయన రెండు చేతులతో తలుపు బాదాడు. ‘సభ్యులు చరుపులతో హర్షం ప్రకటించిరి’ అని కార్యదర్శి రాసుకున్నాడు. తొమ్మిదో అంశం ఏకగ్రీవంగా, నల్ల సిరాతో ఆమోదం పొందింది. మినిట్స్ ఆరిన తరవాత తలుపు తీశారు.

ఆయన ఇంటికెళ్ళి, మాత్ర వేసుకుని, అరటిపండు తిన్నాడు. తొక్క చెత్తబుట్టలో వేశాడు.

‘నాయకుడు కాదు, రోగి!’ అని మర్నాటి పత్రిక. ఊరు మోసపోయినందుకు తల్లడిల్లింది. ప్రజల మనోభావాలతో ఆడుకున్నాడన్నారు. ప్రొఫెసరు రెండో భాగం ఆపేశాడు. ఆరోగ్య కారణాల రీత్యా సరేగారికి సభ్యత్వం నుంచి విశ్రాంతి ఇస్తూ సభ తీర్మానించింది. ఈ నిర్ణయానికి "సరే" అనడానికి ఎవరూ అలవాటుపడి లేనందున కాస్త ఇబ్బంది కలిగింది. మూడు నెలల్లో నాలుగు తలుపులూ పోయి జలపాతం వచ్చింది. సాయంత్రం రెండు గంటలు నీళ్ళు పడతాయి. జనం కుటుంబాలతో సహా వచ్చి, వరసలో నిలబడి, ఫోటోలు దిగి, అబ్బ, ఎంత చల్లగా ఉందో అనుకుని వెళ్తారు.

జలపాతం మొదలైన వారానికి సరేగారు దుకాణం వెనకనున్న దొడ్డికి కొత్త గడియ బిగించాడు. నిలువెత్తు అద్దమొకటి పెట్టాడు. సందులోంచి నేరుగా రావడానికి పక్క గోడకు తలుపు కొట్టించాడు. ముందు వసారాలో మూత ఉన్న డ్రమ్ము నిండా మంచినీళ్ళు, నాలుగు గ్లాసులూ పెట్టి మార్కెట్లోకి వెళ్ళి చెప్పొచ్చాడు. మొదట వచ్చింది పెద్దక్క.

"విన్నాం బాబూ, మాత్ర సంగతి."

"కోపంగా ఉందా?" అన్నాడాయన తల దించుకుని.

"ఎందుకు కోపం? మాకైతే మాత్ర వేసుకోకపోయినా వస్తుంది" అంది. లోపలికెళ్ళి వచ్చింది. డ్రమ్ము మూత తీసి గ్లాసు ముంచింది. పొద్దున పదింటికి, ఎండలో నిలబడి, గ్లాసుడు నీళ్ళూ తాగింది. మధ్యలో ఒకసారి ఆగి, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, మళ్ళీ తాగింది. సరేగారు గొడుగు పుల్ల బిగిస్తున్నట్టు నటించాడు.

నెల తిరక్కుండా నగరసభ నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ప్రజలకు ఉపయోగపడుతున్నందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ చెప్పాలని. దానికి వీధివాసుల అర్జీ జతచేసి ఉంది. సరేగారు కళ్ళజోడు దుకాణంలో మరిచిపోయాడు కాబట్టి ఇంట్లో భార్యే పైకి చదివింది, ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకుని.

"‘మేము స్త్రీలకు వ్యతిరేకులము కాము. మాకును తల్లులు, అక్కచెల్లెళ్ళు కలరు. వారందరూ ఇండ్లలోనే ఉందురు. కానీ సదరు దుకాణము వలన మా వీధి గౌరవమునకు భంగము కలుగుచున్నది. పైపెచ్చు సదరు స్త్రీలు పట్టపగలు, నలుగురూ చూచుచుండగా, బాహాటముగా మంచినీళ్ళు త్రాగుచున్నారు.’"

కింద రెండు వందల పన్నెండు సంతకాలు. ఆవిడ ఒక్కొక్క సంతకం మీదా పెన్సిలు ఆనిస్తూ చివరిదాకా వచ్చింది. ఎక్కడా గీత గీయలేదు.

"ఏముంది?" అన్నాడు సరేగారు.

"ఒక్క అక్షరదోషం లేదండీ" అందావిడ. "ఉండదు మరి. సగం మందికి అక్షరాలు దిద్దించింది నేనే."